కుడిపక్క వంత

తెనాలి,
3 జూలై 2025.

బాబాయ్‌కి గంగ నమస్కారాలు.

గొంతు దగ్గర కుట్లు మానాయని పిన్ని ఫోన్‌లో చెప్పింది. మెడకి పెట్టిన గొట్టం రోజూ కడుక్కోవడానికి నువ్వు పేచీలు పెడుతున్నావని కూడా చెప్పింది. గుమ్మెటని ఎంత ముద్దుగా తుడుచుకునేవాడివో నాకు తెలీదా? ఆ గొట్టం కూడా ఇంకో వాయిద్యమనుకో బాబాయ్. పిన్నిని సతాయించకు.

ఫోన్ చేస్తే నువ్వు మాట్లాడలేవు, మెసేజ్ పెడితే ఆ బుల్లి అక్షరాలు నొక్కడం నా వల్ల కాదంటావు. అందుకే ఉత్తరం. నిజం చెప్పొద్దూ, నాకిదే బాగుంది. పాట కట్టేటప్పటిలా ఒక్కో మాట దగ్గరా ఆగుతున్నాను.

ఇక అసలు సంగతి. మనకి పెద్ద కార్యక్రమం వచ్చింది. ఆగస్టు పదిహేను సాయంత్రం బాపట్లలో ఒక కమిటీ వాళ్ళు వీరుల సభ పెడుతున్నారు. సరిహద్దులో, మంచుకొండల మీద కాల్పుల్లో చనిపోయిన లూకా అనే జవాను కథని బుర్రకథగా కట్టి చెప్పమన్నారు. లూకా బాపట్ల కుర్రాడే. వాళ్ళ నాన్న ఎబినేజర్ మాస్టారు లెక్కలు చెప్పి రిటైరయ్యారు. వెళ్ళి ఒక పూటంతా ఆయన దగ్గర కూర్చున్నాను. చిన్నప్పుడు క్రిస్మస్ నక్షత్రం కట్టడానికి కొబ్బరిచెట్టెక్కి పడి లూకా చెయ్యి విరగ్గొట్టుకున్నాడట. మిలిటరీ సెలక్షన్‌లో ఆ చెయ్యి ఎక్కడ బయటపడుతుందోనని ముందురోజంతా గోడకి పిడకలు కొట్టినట్టు గుద్ది చూసుకున్నాడట. ఈ సంగతి చెప్తూ మాస్టారు నవ్వారు. నవ్వి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఈ కథ నేనే చెప్పాలని అప్పుడే అనుకున్నాను.

ఈ ఏడాదంతా మనం చెప్పినవేంటి? దోమతెర కట్టుకోండి, చేతులు కడుక్కోండి. దోమ మీద వీరరసం పాడీ పాడీ నాకు సిగ్గేసింది బాబాయ్. ఇన్నాళ్ళకి ఒక మనిషి కథ దొరికింది.

చిక్కల్లా ఒకటే. కథ చెప్పడానికి నేనున్నాను, ఎడమపక్క హాస్యం వంతకి జెన్నిఫర్ ఉంది. కుడిపక్క రాజకీయం వంతకే ఎవరూ లేరు. నీకు ఆపరేషన్ అయ్యాక దోమల కథలకి ఇద్దరమే సర్దుకున్నాం. దీనికి సర్దుకోకూడదు. మనిషిని నేను వెతుకుతాను, మాటలు నువ్వు రాసిపెట్టు. నాన్న తంబుర భుజాన వేసుకున్న రోజు నుంచీ కుడిపక్క ప్రశ్నలు నీవే కదా.

ఇట్లు,
నీ అన్న కూతురు
గంగాదేవి.

జెన్నిఫర్ అడగమంది: గొంతు లేకుండా పిన్నితో గొడవలెలా పెట్టుకుంటున్నావని.


మన పాలెం, రేపల్లె తాలూకా,
11 జూలై 2025.

గంగా,

ఇక్కడ క్షేమమే అని రాయడం ఆనవాయితీ కాబట్టి రాశాను. నా క్షేమం మెడ దాకానే. ఆ పైకి మాట రాదు. జెన్నిఫర్‌తో చెప్పు, గొడవలకి పలక కొన్నాను. నేను పలక మీద ఒక మాట రాసేలోపు మీ పిన్ని ఇరవై మాటలంటుంది. రాసింది చూపించబోతే వంటింట్లోకి వెళ్ళిపోతుంది. ఇన్నేళ్ళ కాపురంలో మొదటిసారి ఆవిడే గెలుస్తోంది.

బాపట్ల సంగతి చదివి నా ఛాతీ ఎంత ఉబ్బిందో మీ పిన్నిని అడుగు. నా అన్న కోటయ్య కూతురు జవాను కథ చెప్పబోతోందని పలక మీద పెద్ద అక్షరాలతో రాసి, చేపలు దింపే చోటికి పోయి అందరికీ చూపించాను. ఒకళ్ళిద్దరు నేను ఓట్లకి నిలబడ్డాననుకున్నారు.

ప్రశ్నలు రాయమన్నావు. ముందు ఇది విను. కథ చెప్పడానికి ఏ ఊరెళ్ళినా మీ నాన్న తిన్నగా విడిదికి పోయి పడుకునేవాడు. నేను మాత్రం ఊళ్ళో టీకొట్టు దగ్గర కూర్చునేవాణ్ణి. ఆ ఊరి జనం దేని గురించి గొణుగుతున్నారో వినేవాణ్ణి. రేషన్ బియ్యంలో రాళ్ళో, కాలవలో నీళ్ళు రాకపోవడమో. సాయంత్రం కథలో చోటు దొరకగానే అదే అడిగేవాణ్ణి. రాజకీయం వంత పని అదేనమ్మా. ఊరి గొంతులో అడ్డం పడి ఉన్న ప్రశ్నని బయటికి తియ్యాలి. పార్టీలని తిట్టడం ఎవడైనా చేస్తాడు.

ఇప్పుడు మన పాలెం గొంతులో ఏముందో చెప్తాను. నీకు కుమారి గుర్తుందిగా, ఎండుచేపల కుమారి, మన వీధి చివరి ఇల్లు. మొగుడు పోయాక ఒక్కతే కష్టపడి కొడుకు రాహుల్‌ని పెంచింది. వాడు సరుకు ఓడలో పనికెళ్ళాడు. గోధుమలు మోసే ఓడ. అరబ్బు దేశాల పక్కనెక్కడో ఎవరెవరి మధ్య యుద్ధమో, ఆకాశం మీంచి ఏదో వచ్చి ఆ ఓడ మీద పడింది. మన వాడు రెయిలింగుకి రంగు వేస్తున్నాడట ఆ పూట. తోటివాళ్ళని ఇంకో ఓడ ఎక్కించుకుంది. రాహుల్ దొరకలేదు. కంపెనీ వాళ్ళు చనిపోయాడనే చెప్పారు.

వాడెలాంటివాడో నీకు తెలియాలి. వెళ్ళేటప్పుడు సంచీ నిండా ఎండురొయ్యలు పట్టుకుపోయాడు. ఓడలో వంటవాడు ఏ దేశం వాడో గానీ, ఆ కూర రుచి మరిగి, నువ్వు సెలవుకి వెళ్ళకు, వెళ్తే రొయ్యలతో రా అన్నాడట. సిగ్నల్ దొరికినప్పుడల్లా తల్లికి ఫోన్ చేసి, 'అమ్మా, ఇక్కడా నీళ్ళు ఉప్పగానే ఉన్నాయే' అనేవాడు. ప్రతిసారీ అదే మాట. ఆవిడ ప్రతిసారీ నవ్వేది.

శవం రాలేదు కాబట్టి కర్మ చెయ్యాలో ఎదురుచూడాలో పెద్దలు తేల్చలేకపోతున్నారు. ఎవరూ దండ వెయ్యలేదు, ఏ అధికారీ వచ్చి ఇదిగో మీవాడు ఇందుకు పోయాడని చెప్పలేదు. కుమారి మొన్న నా అరుగు మీద కూర్చొని, 'బాబాయ్, మావోడు ఏం చేశాడని పోయాడు?' అంది. ఆ మాట అలాగే పలక మీద రాసి పెట్టుకున్నాను.

అందుకని నీ కథలో లూకా పెట్టె మీద జెండా కప్పే చోటుంటుంది చూడు, అక్కడ ఆగు. కుడిపక్క వంత అడగాలి: 'అక్కా, యుద్ధంలో పోయినోళ్ళందరికీ జెండా కప్పుతారా?' నువ్వు రాహుల్ సంగతి చెప్పి కథలోకి వెళ్ళు. లూకాకి ఇందులో తక్కువయ్యేది ఏమీ లేదు. మిగతా ప్రశ్నలు వెనకపేజీలో రాశాను. ఇదొక్కటి మాత్రం వదలకు.

మెడ దాకా క్షేమంగా ఉన్న
మీ బాబాయ్ బ్రహ్మాజీ.


తెనాలి,
24 జూలై 2025.

బాబాయ్‌కి,

నీ ఉత్తరం చదివి జెన్నిఫర్‌కి వినిపించాను. పలక దగ్గర పడీ పడీ నవ్విన పిల్ల రాహుల్ దగ్గరికొచ్చేసరికి ఉత్తరం నా చేతిలోంచి తీసుకుని తనే చదువుకుంది. నీ ప్రశ్న ఎక్కడ పెట్టమన్నావో అక్కడే పెట్టాను. అద్భుతంగా కుదిరింది.

కానీ కమిటీ తరఫున రమేష్ బాబు గారని ఒకాయన నిన్న రిహార్సల్ చూడ్డానికి తెనాలి వచ్చారు. కుడిపక్క మాటలు నేనే గొంతు మార్చి చదివాను. అంతా విన్నారు. కళ్ళు కూడా తడి చేసుకున్నారు. ఆఖర్న కండువాతో మొహం తుడుచుకుని, 'బ్రహ్మాండంగా ఉందమ్మా. ఆ కుడిపక్క మాటలొక్కటి తీసెయ్యండి. పెద్దవాళ్ళు వస్తున్నారు, పండగ పూట రాజకీయం ఎందుకండి?' అన్నారు.

'ఇది రాజకీయం కాదండి, ఒక తల్లి అడిగిన మాట' అన్నాను.

'అదేనమ్మా. ఏ దేశమో, ఎవరి యుద్ధమో, మనం ఎటు మాట్లాడినా తప్పే. మన జవాను, మన జెండా, అంతవరకే. మీరు ఇద్దరే చెప్పండి. ఇద్దరితోనే చాలా బాగుంది.'

ఆయన చెడ్డవాడు కాదు బాబాయ్. భయస్థుడు. వాదించాను, ఒప్పుకోలేదు. వదిలేసి వచ్చేద్దామంటే లూకా కథ కూడా పోతుంది. మాస్టారికి మాటిచ్చాను. అందుకని సరే, ఇద్దరమే చెప్తామని ఒప్పుకున్నాను. కుడిపక్క మనిషిని వెతకడం మానేశాను.

నీ గుమ్మెట నాకు పంపు. ఎందుకని అడక్కు, నాకే ఇంకా సరిగ్గా తెలీదు. తెనాలి వచ్చే వాళ్ళెవరితోనైనా రైలెక్కించు, తెనాలి స్టేషన్‌లో నేను తీసుకుంటాను. నువ్వు కూడా ఆగస్టు పదిహేనుకి బాపట్ల రావాలి. పిన్నిని తీసుకుని రా. ముందు వరసలో కుర్చీలు వేయిస్తాను.

గంగ.


మన పాలెం,
31 జూలై 2025.

గంగాదేవి గారికి,

ఇప్పుడు మీరు పెద్ద సభల్లో కథలు చెప్పేవారు కాబట్టి గారు అంటున్నాను.

మీ నాన్నా నేనూ ఒకసారి రేపల్లెలో ఒక పెద్దమనిషి ఇంటి ముందు కథ చెప్పాల్సి వచ్చింది. మొదలెట్టే ముందు ఆయన పిలిచి, కూలి రేట్ల సంగతి ఎత్తొద్దు అన్నాడు. మీ నాన్న బొటనవేలికి తొడుక్కున్న తాళం అందె తీసి జేబులో వేసుకున్నాడు, తంబుర దించాడు, నడిచాడు. నేను వెనకాల. స్టేషన్ బయట ఇడ్లీ తిని ఇంటికొచ్చాం. దారిలో మీ నాన్న ఒక్కటే అన్నాడు: 'ఒరే బ్రహ్మాజీ, నువ్వు పక్కన లేకపోతే నేను చెప్పేది హరికథే.' హరికథని తక్కువ చేశాడనుకోకు. మన పని వేరని ఆయన ఉద్దేశం.

నా పక్కని తీసేసుకున్నావు. సరే. గొంతు పోయినవాణ్ణి, ఆ పక్క మీద నాకేం హక్కుంది? కానీ కుమారి మాట తీసేశావు చూడు, అది మింగుడు పడలేదు. ఆవిడకి ముందే చెప్పేశాను, బాపట్లలో అంతమంది మధ్య రాహుల్ పేరు వినపడుతుందని. ఆవిడ ఊరంతా చెప్పుకుంది. ఇప్పుడు పలక మీద 'చెప్పరట' అని రాసి చూపించాల్సి వచ్చింది. చదివి లేచి వెళ్ళిపోయింది. 

గుమ్మెట పంపుతున్నాను. అడిగింది అన్న కూతురు కాబట్టి. పక్కింటి వెంకట్రామయ్య తెనాలి ఆస్పత్రికి వస్తున్నాడు, పాత దుప్పటిలో చుట్టి ఇచ్చాను. గోడకి తగిలించుకుంటావో, గాజు బీరువాలో పెట్టుకుంటావో నీ ఇష్టం. ఎండలో మాత్రం పెట్టకు, చర్మం బిగిసి పగులుతుంది.

బాపట్ల రాను.

బ్రహ్మాజీ.


మన పాలెం,
18 ఆగస్టు 2025.

గంగా,

నీకు ఇక ఉత్తరం రాయకూడదనుకున్నాను. కానీ చచ్చినవాడు ఉత్తరం రాస్తే ఎలా ఉంటుందో చూద్దువుగాని అని రాస్తున్నాను.

ఇవాళ పేపర్లో జిల్లా పేజీలో నీ ఫోటో వచ్చింది. మధ్యలో నువ్వు, ఎడమపక్క జెన్నిఫర్, కుడిపక్క కుర్చీ. కుర్చీలో నా గుమ్మెట. గుమ్మెటకి బంతిపూల దండ! ఏమ్మా, నేను పోయానా? మీ పిన్ని పేపర్ చూసి, 'అయ్యో, నాకెవరూ చెప్పలేదే' అని నన్ను గిల్లి చూసింది. రేవులో కుర్రాళ్ళు పొద్దున్నుంచి నన్ను చూసి దణ్ణాలు పెట్టి నవ్వుతున్నారు.

బతికుండగానే దండ వేయించుకునే పెద్దవాళ్ళని కథల్లో ఎన్నిసార్లు ఎగతాళి చేశానో లెక్కలేదు. ఆ ఉసురు తగిలింది.

ఫోటో కింద రెండే వాక్యాలున్నాయి. కథ జనాన్ని కదిలించిందట. ఏం చెప్పి కదిలించావో రాయలేదు. ఇక్కడ చెప్పేవాళ్ళు కూడా లేరు. కుమారి వస్తుందేమో, అడుగుదామనుకుంటే, అక్క దగ్గరికని చేపల బుట్టెత్తుకుని పధ్నాలుగునే బాపట్ల పోయింది, ఇంకా రాలేదు. నా మీద కోపంతోనే పోయి ఉంటుంది.

గుమ్మెట తిరిగి పంపు. దండ లేకుండా.

ఇంకా బతికే ఉన్న
బ్రహ్మాజీ.


తెనాలి,
22 ఆగస్టు 2025.

బాబాయ్!

నీ ఉత్తరం చదువుతూ నవ్వాను, ఏడ్చాను, మళ్ళీ నవ్వాను. నిండు నూరేళ్ళు ఉండు. ముందు దండ సంగతి తేలుస్తాను. కమిటీ వాళ్ళు కథకి ముందు మా ఇద్దరికీ దండలు వేశారు. తల ఆడిస్తూ హాస్యం చెప్పడానికి అడ్డొస్తోందని జెన్నిఫర్ తన దండ తీసి, ఎక్కడ పెట్టాలో తెలీక గుమ్మెట మీద వేసింది. దండ వేస్తే పోయినవాళ్ళకి వేసినట్టవుతుందని ఆ పిల్లకి తట్టలేదు. నీ ఉత్తరం చూపించాక చెవులు పట్టుకుని గుంజీళ్ళు తీసింది. వాళ్ళమ్మ కూడా నిన్ను క్షమించమంది.

ఇప్పుడు కథ విను.

గుమ్మెట ఎందుకడిగానో మొదట నాకే తెలీదన్నాను. వేదిక మీద నిలబడితే కుడిపక్క నువ్వు లేకుండా నాకు కాలు సాగదు, అందుకు అడిగాను. తర్వాత ఆలోచించాను. ఇద్దరమే చెప్తామని మాటిచ్చాను గానీ, కుడిపక్కకి తిరగనని మాటివ్వలేదు. నీ ప్రశ్నలు ఎక్కడెక్కడ పెట్టమన్నావో ఆ చోట్లన్నీ కథలో అలాగే ఉంచాను. అక్కడికి రాగానే కుడిపక్కకి తిరిగి, తంబుర ఎత్తి, నువ్వు అడుగుతావని ఆగినట్టు ఆగాలి. అంతే. వంత మాట్లాడందే కథకుడు ముందుకి కదలడు. నాన్న నేర్పిన మొదటి పాఠం అది.

ఇది నీకు ముందే రాయాల్సింది. రాస్తే నువ్వు ఊరంతా పలక పట్టుకు తిరుగుతావని భయపడ్డాను.

మొదటిసారి ఆగినప్పుడు జనం నవ్వారు. వంత బయటికెళ్ళాడనుకున్నారు. జెన్నిఫర్ అందుకుంది: 'మా బాబాయ్ గొంతు ఇంట్లో మర్చిపోయొచ్చాడండీ, తెచ్చుకోడానికి రేపల్లె రైలెక్కాడు!' అందరూ పకపకా నవ్వారు. కోప్పడకు, నీకది నచ్చుతుందని నాకు తెలుసు. రెండోసారి ఆగితే ఒక పెద్దాయన, 'కుడిపక్కోణ్ణి ఎక్కడ దాచారమ్మా?' అని అరిచాడు. ఇంకెవరో, 'అడగనివ్వలేదేమో' అన్నారు. అప్పటికి రమేష్ బాబు గారికి అర్థమైనట్టుంది. కుర్చీలో ముందుకి జరిగారు.

తర్వాత లూకా పెట్టె వచ్చింది. జెండా కప్పారు అని చెప్పి కుడిపక్కకి తిరిగాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. జెన్నిఫర్ కూడా ఏమీ అనలేదు, నేను అననివ్వలేదు. నీ గుమ్మెట వైపే చూస్తూ నిలబడ్డాను.  ఎవరూ మాట్లాడకపోతే ఎంతసేపు ఆగాలో నాకు తెలీదు.

వెనక ఆడవాళ్ళ వైపు నుంచి ఒకావిడ లేచింది.

'అమ్మా, మా రాహుల్‌కి ఎవరూ జెండా కప్పలేదే. ఆడు పోయింది యుద్ధంలో కాదా?'

కుమారి! నువ్వు 'చెప్పరట' అని రాసి చూపిస్తే, నన్ను అందరి ముందూ కడిగెయ్యాలని బస్సెక్కి వచ్చిందట. కథ అయ్యాక తనే చెప్పింది. తిడదామని లేచేసరికి నేను కుర్చీ వైపు తిరిగి ఆగి ఉన్నానట. ఆ చోటు ఎవరిదో ఆవిడకి తెలుసు. ఎన్నిసార్లు నిన్ను అక్కడ చూసింది! తిట్టడం మర్చిపోయి అడిగిందట.

రమేష్ బాబు గారు మైకు దగ్గరికి లేచారు. ముందు వరసలో ఎబినేజర్ మాస్టారు ఉన్నారు. ఆయన లేవలేదు, చెయ్యి మాత్రం ఎత్తారు, తరగతిలో పిల్లల్ని కూర్చోమన్నట్టు. రమేష్ బాబు గారు కూర్చున్నారు. మాస్టారు నాతో, 'వంత అడిగింది కదమ్మా. చెప్పండి. నేనూ వినాలి' అన్నారు.

చెప్పాను. కట్టిన పాట లేదు, రాసుకున్న మాట లేదు. అన్నీ నీ ఉత్తరంలోవే. గోధుమల ఓడ, సంచీ నిండా ఎండురొయ్యలు, ఉప్పునీళ్ళ ఫోన్‌కాల్. ఒక కొడుకు చేతిలో తుపాకి ఉంది, ఒక కొడుకు చేతిలో రంగు కుంచె ఉంది, యుద్ధం ఇద్దరినీ అడక్కుండానే తీసుకుపోయింది అని పాడాను. తాళం ఎక్కడ పడిందో నాకు తెలీదు. జెన్నిఫర్ పట్టుకుంది. 'తందాన' అని వంత అందుకోవాల్సిన చోట కుడిపక్క గుమ్మెట మోగలేదు గానీ, మైదానం మోగింది. జనమే అన్నారు బాబాయ్. నాన్న ఉన్నప్పుడు కూడా అంత పెద్ద వంత నేను వినలేదు.

తర్వాత లూకా కథ పూర్తి చేశాను. ఏమీ తక్కువ కాలేదు, నువ్వన్నట్టే. కొబ్బరిచెట్టు దగ్గర నవ్వినవాళ్ళే ఆఖర్న లేచి నిలబడ్డారు. మాస్టారు కుమారి దగ్గరికి వెళ్ళి చాలాసేపు మాట్లాడారు. ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు, వినాలనిపించలేదు. వాళ్ళింట్లోనే రెండు రోజులు ఉంచుకున్నారు, తర్వాత అక్క దగ్గరికి వెళ్ళింది. అందుకే ఇంకా ఊరు రాలేదు. నీ మీద కోపం కాదు.

రమేష్ బాబు గారు చివర్లో వచ్చి, 'ఇద్దరే చెప్తామని మాటిచ్చారు కదమ్మా' అన్నారు.

'ఇద్దరమే చెప్పామండి. అడిగింది మేం కాదు' అన్నాను.

మళ్ళీ మమ్మల్ని పిలవరనుకుంటాను. కానీ వెళ్ళబోతూ ఆగి, ఆ అబ్బాయి ఇంటిపేరేంటని అడిగారు. చెప్తే జేబులో కాగితం తీసి రాసుకున్నారు. పేరాల నుంచి నేతపని వాళ్ళొకరూ, పెనుమూడి నుంచి ఒకరూ తమ ఊళ్ళో చెప్పాలని అక్కడే అడిగారు. ముగ్గురు వస్తేనే రండి అన్నారు పెనుమూడి వాళ్ళు.

నీ పక్కని నేను తీసేసుకోలేదు బాబాయ్. ఆ రోజు అందరూ చూసింది ఆ పక్కకే.

గంగ.

గుమ్మెట ఎండలో పెట్టలేదు. దుప్పటి ఉతికాను.


మన పాలెం,
6 సెప్టెంబరు 2025.

గంగమ్మకి బాబాయ్ ఆశీస్సులు.

నీ ఉత్తరం అందిన రోజు మీ పిన్నికి ఇచ్చి పైకి చదవమన్నాను. వింటే బాగుంటుందనిపించింది. వెంకట్రామయ్య వచ్చాడు, వలలు కట్టుకునే నలుగురు వచ్చారు, అరుగు నిండిపోయింది. మైదానం మోగింది అన్న చోట మీ పిన్ని చదవడం ఆపి కొంగుతో కళ్ళద్దుకుంది. నేను పలక తీసి 'చదువు' అని రాశాను. రాస్తే చాక్‌పీసు విరిగింది. 

నిన్ను గారు అని వెక్కిరించాను. ఆ గారుని ఇప్పుడు నిజంగా అంటున్నాను, తీసుకో. మీ నాన్న అందె తీసి జేబులో వేసుకుని వచ్చేశాడని గొప్పగా రాశాను కదా. ఆ రాత్రి రేపల్లె కూలివాళ్ళకి కూలి రేట్ల సంగతి ఎవరూ చెప్పలేదు. మేం ఇడ్లీ తిన్నాం. నువ్వు వచ్చెయ్యలేదు, నిలబడ్డావు, అడిగించావు. మీ నాన్నకంటే ఒక మెట్టు పైకెక్కావని ఆయన తమ్ముడు చెప్తున్నాడు. ఆయన ఉంటే ఒప్పుకునేవాడు కాదు, ఒక పూట అలిగి, రెండో పూట ఊరంతా చెప్పుకునేవాడు.

నా ప్రశ్న కన్నా కుమారి ప్రశ్న బాగుందని కూడా ఒప్పుకుంటున్నాను. నేను 'పోయినోళ్ళందరికీ' అని రాశాను. ఆవిడ 'మా రాహుల్‌కి' అంది. ఇన్నేళ్ళు ఆ పక్క నిలబడి ఆ తేడా నాకు తట్టలేదు.

కుమారి వచ్చింది. వచ్చిన రోజు నుంచి పొద్దు వాలితే మా అరుగు మీదే. గుమ్మెట నీ దగ్గరుంది కాబట్టి తిరగేసిన బిందె మీద తాళం నేర్పుతున్నాను. చేపలు కోసిన చెయ్యి కదా, దెబ్బ గట్టిగానే పడుతోంది. మీ పిన్నికి బిందె గురించే బెంగ. 'బాబాయ్, ఏ ఊళ్ళో ఏం అడగాలో నాకెలా తెలుస్తది?' అంది కుమారి. టీకొట్టు దగ్గర కూర్చోమని పలక మీద రాశాను. 'ఆడోళ్ళు టీకొట్టు కాడ కూర్చోరు. చేపల మార్కెట్లో కూర్చుంటా' అంది. అంతకంటే మంచి చోటు నాకు ఇన్నాళ్ళూ తెలీలేదు.

రాహుల్ సంగతి ఊరి పెద్దలు తేల్చారు. వచ్చే ఆదివారం ఎవరూ వేటకి వెళ్ళరు. పడవలన్నీ ఒడ్డుకి లాగి పెడతారు. పొద్దున రాహుల్ ఫోటోకి దండ వేసి, సముద్రంలో పూలు వదులుతారు. సాయంత్రం అక్కడే ఇసకలో నీ కథ. ఎబినేజర్ మాస్టారు కూడా వస్తానని కబురు పంపారు. లూకా, రాహుల్, ఇద్దరి కథా కలిపి చెప్పాలి. కుమారే అలా అడిగింది, కంటతడి పెట్టకుండా. 'మావోడి కథలో వంత నేనే' అంది. నువ్వు కాదనలేవు. నేను కూడా కాదనలేకపోయాను.

కాబట్టి గుమ్మెట నాకు పంపకు. నీతోనే తీసుకొచ్చి కుమారి చేతిలో పెట్టు. దండ ఉన్నా ఫరవాలేదు.

ఒక సంగతి చెప్పనా? ఇన్ని వందల కథలు చెప్పాం, ఒక్కటి కూడా నేను ఎదురుగా కూర్చొని వినలేదు. ఎప్పుడూ పక్క నుంచి మీ నాన్న చెవీ, ఆ తర్వాత నీ చెవీ చూస్తూనే గడిచిపోయింది. ఆదివారం ముందు వరసలో చాప వేసుకుని కూర్చుంటాను. మీ పిన్ని పక్కన. గొంతు లేదు కాబట్టి 'తందాన' అనలేను, తొడ మీద తాళం వేస్తాను.

నువ్వు నన్ను చూస్తావని నాకు తెలుసు. చూడు, కానీ ప్రశ్న అడగాల్సిన చోట మాత్రం నా వైపు చూడకు. కుడిపక్కకి తిరుగు. అక్కడ కుమారి ఉంటుంది.

ఎదురుచూస్తూ,
బ్రహ్మాజీ.